సమతూకం దేశానిది, భారం రైతుది

2025 ఆగస్టు నెల రెండో సగంలో మూడు వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 18న కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. అవే రోజుల్లో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి కూర్చున్నారు. 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రొయ్యల కొనుగోళ్లు కుంటుపడ్డాయి. పత్రికలు వీటిని మూడు వేర్వేరు పేజీల్లో వేశాయి. పత్తి వార్త వాణిజ్యం పేజీలో, యూరియా జిల్లా పేజీలో, అమెరికా సంగతి మొదటి పేజీలో. మాకు మాత్రం ఈ మూడూ ఒకే వార్తగా కనిపిస్తున్నాయి. పెద్ద దేశాల మధ్య మన దేశం ఎటు నిలబడాలన్న లెక్క ఢిల్లీలో వేస్తున్నారు. ఆ లెక్కలో వచ్చే తేడా మాత్రం మన చెరువు గట్టు మీదా, పత్తి చేను గట్టు మీదా పడుతోంది.

విదేశాంగ విధానం మనకెందుకు, గిట్టుబాటు ధర గురించి మాట్లాడుకుందాం అని కొందరు సభ్యులు అంటున్నారు. ఈ నెల ధర గురించే మాట్లాడుతున్నాం. అందుకే విదేశాంగ విధానం దగ్గర మొదలుపెట్టాల్సి వస్తోంది.

ముందు రొయ్య సంగతి చూద్దాం. మన దేశం నుంచి పోయే సముద్ర ఉత్పత్తుల్లో విలువ ప్రకారం మూడో వంతుకు పైగా అమెరికాకే పోతాయి. 2024-25లో మొత్తం ఎగుమతి 745 కోట్ల డాలర్లయితే అందులో అమెరికా వాటా 271 కోట్లు. అందులో సింహభాగం రొయ్యే, ఆ రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఆగస్టు 7న అమెరికా 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణం చూపి 27 నుంచి మరో 25 కలిపింది. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా లెక్కేస్తే మన రొయ్య మీద అప్పటి మొత్తం భారం దాదాపు 58 శాతం. ఇదే రొయ్యను అమ్మే ఈక్వెడార్ మీద అప్పుడు 15 శాతం, ఇండోనేషియా మీద 19, వియత్నాం మీద 20 ఉండేవి. ఇక కొనేవాడు ఎవరి దగ్గర కొంటాడో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లలో సగం రద్దయ్యాయని, నష్టం రూ.25 వేల కోట్ల దాకా ఉంటుందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కేంద్రానికి రాసింది. ఎగుమతిదారు కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుని కొన్నాళ్లు ఆగగలడు. చెరువులో రొయ్య ఆగదు. కౌంట్ వచ్చాక ఒక్కో రోజూ మేత, కరెంటు, ఏరియేటర్ల డీజిలు. వైరస్ భయం సరేసరి. అందుకే ధర తగ్గించే మాట ఎప్పుడూ చెరువు గట్టు మీదకే ముందు వస్తుంది.

రష్యా చమురు కొన్నది రొయ్య రైతు కాదు. శిక్ష మాత్రం అతనికే పడింది.

యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలై, యూరప్ కొనడం తగ్గించాక, రష్యా రాయితీ ధరకు అమ్మకానికి పెట్టింది. మన రిఫైనరీలు కొన్నాయి. ఒక దశలో మూడో వంతుకు మించి అక్కడి నుంచే వచ్చింది. కొనడం తప్పని మేము అనడం లేదు. చమురు ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొనే హక్కు ఈ దేశానికి ఉంది. కొనవద్దని బెదిరించే అమెరికా తానే రష్యా నుంచి అణు ఇంధనానికి కావాల్సిన యురేనియం పదార్థాన్నీ, ఎరువులనూ కొంటోందని మన విదేశాంగ శాఖ ఆగస్టు 4న బహిరంగంగానే చెప్పింది. మనకన్నా ఎక్కువ రష్యా చమురు కొనే చైనా మీద ఆ పేరుతో ఇలాంటి అదనపు సుంకం వేయనే లేదు. అరుదైన ఖనిజాలు చేతిలో ఉన్నవాడి జోలికి వెళ్లడం కష్టమని అమెరికాకు తెలుసు.

మా ప్రశ్న వేరు. ఆ రాయితీ ఎక్కడికి పోయింది? మూడేళ్లు చౌక చమురు వచ్చింది. 2025లో కూడా హైదరాబాద్‌లో డీజిల్ లీటరు 95 రూపాయల పైనే ఉండేది. 2022 మే తర్వాత మనకు తగ్గినది 2024 మార్చిలో, సరిగ్గా ఎన్నికల ముందు, రెండు రూపాయలు. దుక్కి దున్నే ట్రాక్టరుకు గానీ, వరి కోత మిషనుకు గానీ, ఏరియేటరు తిప్పే జనరేటరుకు గానీ రష్యా రాయితీ చేరలేదు. రిఫైనరీల లాభాల్లోకి కొంత, ఖజానాలోకి కొంత పోయింది. శుద్ధి చేసిన డీజిలు తిరిగి యూరప్‌కు ఎగుమతై అక్కడా కొందరికి లాభమైంది. బేరంలో లాభం వచ్చినప్పుడు రైతు గుర్తుకు రాలేదు, జరిమానా పడినప్పుడు మాత్రం అతని చెరువే దొరికింది. ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగాయని మన ఊళ్లలో అంటారు. ఇక్కడ కుమ్ముకున్న ఆబోతుల్లో ఒకదానికి మేత వేసినవాళ్లెవరో కూడా మనకు తెలుసు.

ఇక పత్తి. సెప్టెంబరు 30 వరకే అన్న సుంకం మినహాయింపును పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి తీతలు మొదలై, మార్కెట్ యార్డులకు బండ్లు కట్టే మూడు నెలలు అవి. తెలంగాణలో 2025 ఖరీఫ్‌లో నలభై లక్షల ఎకరాలకు పైగా పత్తి వేశారు. ఆదిలాబాద్, వరంగల్, నల్గొండ, ఖమ్మం మొదలు కర్నూలు, గుంటూరు దాకా ఈ మూడు నెలల ధర మీదే ఇంటి ఖర్చులన్నీ ఆధారపడి ఉంటాయి. అమెరికా సుంకంతో దెబ్బతిన్న బట్టల మిల్లులకు ఊరట ఇవ్వడానికే ఇలా చేశామని ప్రభుత్వం చెబుతోంది. మిల్లు కార్మికుడి కష్టం మాకూ తెలుసు. తిరుప్పూరులో పని పోతే అక్కడికి వలస పోయినవాళ్లలో మన పిల్లలూ ఉంటారు. కానీ మిల్లుకు ఇచ్చే ఊరట ఖజానా నుంచి రావాలి. పత్తి రైతు ధర నుంచి తీసి ఇవ్వడమేమిటి? పైగా మనకు విదేశీ పత్తి అమ్మే దేశాల్లో అమెరికా ఒకటి. మనల్ని 50 శాతంతో కొట్టినవాడికి మనం 11 శాతం వదిలిపెట్టాం.

మద్దతు ధర పొడవు పింజకు 2025-26లో రూ.8,110 అని ప్రకటించారు. అంతకుముందు ఏడాది కన్నా ఎక్కువే. విదేశీ పత్తి సుంకం లేకుండా దిగితే ప్రైవేటు వ్యాపారి ఆ ధర పెట్టడు, సీసీఐ ఒక్కటే దిక్కవుతుంది. 2024-25 సీజన్లో సీసీఐ దేశమంతటా దాదాపు కోటి బేళ్లు కొంటే అందులో పెద్ద వాటా తెలంగాణదే. ఈసారి యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ తీసుకోవాలి, తేమ 12 శాతం దాటకూడదు. వానకు తడిసిన పత్తిని ఆరబెట్టుకునే చోటు లేని కౌలు రైతు, పాసుపుస్తకం తన పేర లేని రైతు సీసీఐ గేటు దాకా కూడా పోలేడు. అతను కల్లంలోనే అమ్ముకుంటాడు. వాషింగ్టన్‌లో వేసిన పన్ను చివరికి చేరే చోటు అదే.

మూడోది ఎరువు. ఇక్కడ అమెరికా లేదు, చైనా ఉంది. 2023-24లో చైనా నుంచి మనకు 18 లక్షల టన్నులకు పైగా యూరియా వచ్చింది. మరుసటి ఏడాది అది లక్ష టన్నుల దరిదాపుల్లో ఆగిపోయింది. డీఏపీ 22 లక్షల టన్నుల నుంచి 8 లక్షల చిల్లరకు పడింది. చైనా 2021 చివరి నుంచే ఎరువుల ఎగుమతి మీద తనిఖీల పేరుతో పట్టు బిగించింది. సరిహద్దు గొడవల కోపమే దీనికి కారణమని మన టీవీలు ఊదరగొట్టాయి. అది కొంత నిజమే కావచ్చు. పెద్ద కారణం మాత్రం చాలా మామూలుది. తమ రైతుకు ఎరువు ధర పెరగకూడదని చైనా ప్రభుత్వం అనుకుంది, అంతే. ఏ ప్రభుత్వమైనా చేయాల్సిన పనే అది. దాన్ని తిట్టి లాభం లేదు. ఒక్క దేశం కుళాయి కట్టేస్తే మన వరి నాట్లు ఆగిపోయే స్థితిని ఎందుకు రానిచ్చామన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి తోడు రామగుండం ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోవడం, విదేశీ టెండర్లు ఆలస్యం కావడం కలిసి 2025లో చుక్కలు చూపించాయి. 266 రూపాయల యాభై పైసల బస్తా కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఎరువుల విషయంలో మన పరాధీనత యూరియాతో ఆగదు. పొటాష్ మొత్తం బయటి నుంచే రావాలి. రష్యా, బెలారస్, కెనడా, ఇజ్రాయెల్, జోర్డాన్, ఈ పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అందులో సగం దేశాలు మిగతా సగంతో కయ్యంలో ఉన్నాయి. 2022లో బెలారస్ పొటాష్‌కు లిథువేనియా రేవు మూతపడింది, వెనువెంటనే యుద్ధం వచ్చింది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉన్న బస్తా మనకు 1,700 అయింది. చాలామంది ఆ ఏడాది పొటాష్ వేయడమే మానేశారు, గింజ తాలుపోయినప్పుడు గానీ ఆ నష్టం కనబడలేదు. ఇక్కడే తయారయ్యే యూరియాకు కూడా గ్యాస్ చాలావరకు ఓడల మీదే వస్తుంది.

ఇంతకీ మన దేశం ఎవరి పక్షాన ఉండాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు, రైతు కడుపుతో దీనికి సంబంధం కూడా కొత్తది కాదు.

మన సంఘంలోని పెద్దల్లో చాలామంది చిన్నప్పుడు బడిలో అమెరికా పాలపొడి పాలు, పసుపు రంగు రవ్వ ఉప్మా తిన్నవాళ్లే. 1954లో అమెరికా చేసిన పీఎల్-480 చట్టం కింద 1956 నుంచి మనకు గోధుమలు వచ్చాయి. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లో కడితే చాలన్నారు. మొదట్లో అది వరంలాగే కనిపించింది. (వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమల బస్తాల్లోనే దిగిందని మన రైతుల్లో గట్టి నమ్మకం. దాన్ని పీకి పీకి చేతులు దద్దుర్లెక్కినవాళ్లను అడిగితే ఆ వరం సంగతి ఇంకో రకంగా చెబుతారు.) చౌక గోధుమ వస్తోంది కదా అని పదేళ్లు ఇక్కడి సేద్యాన్ని పట్టించుకోలేదు. 1965, 66లలో వరుసగా కరువు వచ్చింది. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఓడ రేవుకు చేరితేనే పొయ్యి వెలిగే స్థితి. సరిగ్గా అప్పుడే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను నెలనెలా తన అనుమతి మీద వదిలే పద్ధతి పెట్టాడు. వియత్నాం మీద అమెరికా బాంబులు వేయడాన్ని మన దేశం తప్పుపట్టడం ఆయనకు నచ్చలేదు. వారానికి ఒక పూట తిండి మానమని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరింది ఆ కాలంలోనే. 1966 జూన్‌లో డాలరుకు 4.76 రూపాయలున్న మారకం 7.50కి పడిపోయింది. అంతర్జాతీయ ఒత్తిడి అంటే ఏమిటో ఈ దేశం గోధుమ గింజ ద్వారానే నేర్చుకుంది.

నేర్చుకుని ఏం చేసింది? వ్యవసాయ మంత్రి సి.సుబ్రమణ్యం 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. ధరల కమిషన్, ఎఫ్‌సీఐ, మద్దతు ధర అన్నీ ఆ రెండు మూడేళ్లలో పుట్టినవే. అమెరికా ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో 1960-61లో మొదలైన ప్యాకేజీ ప్రోగ్రాంలో మన పశ్చిమ గోదావరి జిల్లా ఉంది. అదే కాలానికి రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో సోవియట్ యూనియన్ ఇచ్చిన ట్రాక్టర్లతో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం నడుస్తోంది. తర్వాత విశాఖ ఉక్కుకూ సోవియట్ సాయమే వచ్చింది. ఇటు విత్తనం, అటు ఉక్కు. 1955 బాండుంగ్ సభ, 1961 బెల్‌గ్రేడ్ సభ అని పుస్తకాల్లో రాసే అలీన విధానం నేల మీద ఇలా ఉండేది. ఇద్దరి దగ్గరా తీసుకోవడం, ఇద్దరికీ లొంగకపోవడం. హరిత విప్లవం మన భూగర్భ జలాలకు, నేలకు చేసిన హాని వేరే చర్చ. ఆ కాలపు పాలకులకు మాత్రం ఒక సంగతి స్పష్టంగా తెలుసు. సొంత గాదె నిండకపోతే విదేశాల ముందు తల ఎత్తి మాట్లాడటం కుదరదు.

ఒక్క దేశాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు తెలుసు. వర్జీనియా పొగాకుకు సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారు. రూపాయి-రూబుల్ వ్యాపారం సాఫీగా నడిచిన రోజుల్లో బ్యారన్లు కట్టుకున్నవాళ్లు, 1991లో ఆ దేశమే లేకుండా పోయాక దిక్కు తోచక నిలబడ్డారు. ఇప్పుడు గుంటూరు మిర్చికి, ముఖ్యంగా తేజ రకానికి, అతి పెద్ద విదేశీ కొనుగోలుదారు చైనా. గల్వాన్ తర్వాత కూడా ఆ వ్యాపారం ఆగలేదు, సంతోషమే. 2025 మొదట్లో మిర్చి ధర కూలి, కేంద్రం క్వింటాలుకు రూ.11,781 లెక్కన మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. రేపు బీజింగ్‌కూ ఢిల్లీకీ మళ్లీ మాట పట్టింపు వస్తే యార్డులో ఎర్రగా పోగుపడిన టిక్కీల గతి ఏమిటో ఎవరూ ఆలోచించి పెట్టుకున్నట్టు లేదు.

మన సభ్యుల్లోనే రెండు రకాల వాదనలున్నాయి. రెండూ మాకు వినిపించాయి కాబట్టి జవాబు చెప్పాలి.

రష్యా చమురు మానేసి అమెరికాతో రాజీపడితే పోతుంది కదా అనేది మొదటిది. ఈ మాట అనేవాళ్లలో చాలామంది పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. పొలం తాకట్టు పెట్టి, లేదా అమ్మి పంపిన పిల్లలు. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని సెప్టెంబరులో అమెరికా ప్రకటించిన రాత్రి ఎన్ని పల్లెల్లో నిద్ర లేదో మాకు తెలుసు. వాళ్ల ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే మొదటి 25 శాతం సుంకానికి చమురుతో సంబంధం లేదు. 2025 వాణిజ్య చర్చల్లో అమెరికా అడిగినది మన మార్కెట్‌ను. మొక్కజొన్న, సోయా, పాడి ఉత్పత్తులు. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశం తమ మొక్కజొన్న ఒక్క బుషెల్ కూడా కొనదేమని అమెరికా వాణిజ్య మంత్రి లుట్నిక్ సెప్టెంబరులో నిలదీశారు. అక్కడ సగటు కమతం 460 ఎకరాల పైన. ఇక్కడ రెండున్నర, మూడు ఎకరాల మధ్య. అక్కడ పండేదంతా దాదాపు జన్యుమార్పిడి మొక్కజొన్న, పైగా ప్రభుత్వ సబ్సిడీ అండ. అది సుంకం లేకుండా దిగిన రోజున ఖమ్మం, మహబూబాబాద్, విజయనగరం మొక్కజొన్న రైతు ఇథనాల్ ఫ్యాక్టరీ గేటు ముందు ఏ ధర అడగగలడు? పాల సంగతి ఇంకా సున్నితం. రెండు గేదెలతో ఇల్లు నెట్టుకొచ్చే ఆడవాళ్ల వారం వారం డబ్బు అది. 2019 నవంబరులో ఆర్‌సీఈపీ నుంచి దేశం బయటికి రావడానికి పాడి రైతుల ఆందోళన ఒక పెద్ద కారణం. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసిన ఒప్పందంలోనూ పాడిని మినహాయించారు. చేయాలనుకుంటే చేయగలరన్నమాట.

అయితే చైనా, రష్యాలతో కలిసిపోదాం అనేది రెండో వాదన. ఆగస్టు చివరన తియాన్‌జిన్ సభలో మోదీ, పుతిన్, జిన్‌పింగ్ నవ్వుతూ చేతులు కలిపిన ఫొటో చూసి కొందరికి పాత రోజులు గుర్తొచ్చాయి. సామ్రాజ్యవాద అహంకారానికి ఎదురు నిలవడం మాకూ ఇష్టమే. కానీ లెక్కలు చూద్దాం. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లు. రష్యాతో వ్యాపారం 6,800 కోట్ల డాలర్ల పైన జరిగితే అందులో మనం అమ్మింది 500 కోట్లు కూడా లేదు. వాళ్లు మనకు అమ్ముతారు, మన పంట కొనేది తక్కువ. అమెరికా కొనడం మానేసిన రొయ్యను రష్యా, చైనాలు కొంటే ఆ స్నేహాన్ని ఆ మేరకు మెచ్చుకుందాం. ఫొటోలను చూసి చెరువులో సీడ్ వేయలేం.

కాబట్టి క్వాడ్‌లో ఉంటూ బ్రిక్స్‌లోనూ ఉండటం, ఒకరి విమానాలు కొంటూ మరొకరి క్షిపణులు కొనడం రెండు పడవల ప్రయాణమని ఎవరెంత ఎగతాళి చేసినా, మన వంటి దేశానికి అదే దారి అని మేము భావిస్తున్నాం. పేరు అలీనం కావచ్చు, ఈమధ్య అంటున్నట్టు వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి కావచ్చు. మా అభ్యంతరం విధానం మీద కాదు, ఆ విధానం ఖర్చును పంచే తీరు మీద. చమురు, ఆయుధాలు, ఖనిజాలు బేరంలో ముందుంటాయి. తూకం సరిచేయాల్సి వచ్చినప్పుడు చేతికి దొరికేది మాత్రం పంటే. 2020 జనవరిలో కశ్మీర్ మీద మలేషియా ప్రధాని మాటలకు కోపమొచ్చి పామాయిల్ మీద ఆంక్షలు పెట్టారు. ఆయిల్‌పామ్ రైతుకు మేలేనని అప్పుడు అనుకున్నాం. మంట చల్లారాక సుంకం మళ్లీ ఎక్కింది, దిగింది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద 20 శాతానికి పెంచి, 2025 మేలో 10కి తగ్గించారు. అశ్వారావుపేటలో నాలుగేళ్లు ఆగి గెల కోసే రైతు ఏ సుంకాన్ని నమ్మి మొక్క నాటాలి? 2025-26లో కందికి మద్దతు ధర రూ.8,000 అన్నారు. సుంకం లేని ఆఫ్రికా, మయన్మార్ కంది, కెనడా, రష్యాల పసుపు బఠాణీ మార్కెట్‌లో ఉంచారు.

బియ్యం విషయంలో జరిగింది మరీ విడ్డూరం. 2023లో జీ-20కి అధ్యక్షత వహించి, పేద దేశాలకు గొంతునవుతామని ప్రకటించిన ఏడాదే, జూలై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. కాకినాడ రేవు నుంచి ఏళ్ల తరబడి మన బియ్యం తిన్నవి ఆ పేద దేశాలే, ముఖ్యంగా ఆఫ్రికా దేశాలు. నిషేధం 2024 సెప్టెంబరు చివరి దాకా ఉంది. ఇక్కడ ధాన్యం ధరకు కళ్లెం పడింది, అక్కడ మన మాట మీద నమ్మకం సడలింది. ఆ ఖాళీలోకి థాయిలాండ్, వియత్నాం వెళ్లాయి. స్నేహితులను సంపాదించుకోవడానికి ఉపన్యాసం కన్నా బియ్యం ఓడ ఎక్కువ పనిచేస్తుందని విదేశాంగ శాఖకు వ్యవసాయ శాఖ చెప్పాల్సింది.

ఇతరులు ఏం చేశారో చూడండి. 2018లో చైనా సోయా కొనడం తగ్గించినప్పుడు ఇదే ట్రంప్ తన రైతులకు రెండేళ్లలో 2,800 కోట్ల డాలర్లు పరిహారంగా ప్రకటించాడు. బ్రెజిల్ మీద 2025 ఆగస్టు 6న 50 శాతం సుంకం పడింది. వారం తిరిగేసరికి, 13న, అధ్యక్షుడు లూలా 3,000 కోట్ల రియాల్‌ల రుణ సాయం ప్రకటించి, అమ్ముడుపోని ఆహార సరుకును బడి పిల్లల భోజనానికి, ప్రభుత్వ అవసరాలకు కొనేందుకు దారి తెరిచాడు. ట్రంప్‌కు ఎదురు మాట్లాడాడు, రైతుకు అండా చూపించాడు. మన ప్రధాని ఆగస్టు 7న స్వామినాథన్ శతజయంతి సభలో రైతుల, మత్స్యకారుల, పాడి రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోమని, అందుకు తాను వ్యక్తిగతంగా మూల్యం చెల్లించడానికైనా సిద్ధమని చెప్పారు. మాట బాగుంది, స్వాగతించాం. పదకొండు రోజుల తర్వాత పత్తి సుంకం పోయింది. రొయ్య రైతు చేతికి ఢిల్లీ నుంచి ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి నేరుగా అందింది ఏమీ లేదు.

ఇంకో చిక్కు ఉంది. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోది. విదేశీ ఒప్పందం మాత్రం కేంద్రం ఒక్కటే చేయగలదు, దానికి పార్లమెంటు ఆమోదం కూడా తప్పనిసరి కాదు. అంటే అమరావతినీ హైదరాబాద్‌నూ అడక్కుండా మన మొక్కజొన్న మీద సంతకం పెట్టొచ్చు. 2025 సెప్టెంబరు 16న అమెరికా ప్రతినిధులు ఢిల్లీ వచ్చి చర్చలు మళ్లీ మొదలుపెట్టారు. బల్ల మీద ఏ పంట ఉందో, ఏది లేదో మనకెవరూ చెప్పలేదు. రెండు రాష్ట్రాల శాసనసభలూ దీని మీద తీర్మానం చేయాలి. ఎంపీలు పార్టీలు పక్కనబెట్టి, వ్యవసాయానికి సంబంధించిన ఏ అధ్యాయమైనా సంతకానికి ముందు సభ ముందు పెట్టమని పట్టుబట్టాలి. కేంద్రంలోని ప్రభుత్వానికి ఆంధ్రప్రదేశ్ ఎంపీల మద్దతు ఎంత అవసరమో అందరికీ తెలిసిందే. రొయ్య కోసం ఆ బలం ఇప్పుడు వాడకపోతే ఇంకెప్పుడు వాడతారు?

పత్తి సుంకాన్ని వెంటనే పునరుద్ధరించాలి. డిసెంబరు దాకా ఆగితే పత్తి అంతా వ్యాపారి గోడౌన్‌లో ఉంటుంది. ఆక్వా రైతుకు పంట రుణం వాయిదా, మేత మీద, కరెంటు మీద రాయితీ ఈ పంటకే ఇవ్వాలి. రష్యా చమురు రాయితీ వల్ల మిగిలిన సొమ్ములో కొంత భాగాన్ని సుంకాల దెబ్బ తిన్న పంటలకు ప్రత్యేక నిధిగా పెట్టమని అడుగుతున్నాం. లాభం వచ్చిన బేరమే నష్టాన్నీ భరించాలి కదా. ఎరువుల విషయంలో సౌదీతో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి అయిదేళ్ల ఒప్పందం 2025 జూలైలో కుదిరింది, అది మంచి పని. అలాంటివి మరో రెండు మూడు దేశాలతో జరగాలి, సీజన్‌కు ముందే జిల్లాల్లో నిల్వ ఉండాలి. ఆగస్టులో వచ్చిన చైనా విదేశాంగ మంత్రి ఎరువుల మీద ఆంక్షలు సడలిస్తామన్నట్టు వార్తలొచ్చాయి. ఓడ కాకినాడకో కృష్ణపట్నానికో వచ్చాక నమ్ముదాం.

ఈ నెల మండల కమిటీల సమావేశాల్లో సభ్యులు ఒక పని చేయాలి. పత్తి అమ్మిన ప్రతి ఒక్కరూ, సీసీఐకి అమ్మినా ప్రైవేటుకు అమ్మినా, కాటా చీటీ జిరాక్సు కమిటీకి ఇవ్వండి. తేదీ, తేమ శాతం, ఇచ్చిన ధర కనిపించాలి. చీటీ లేకుండా కల్లంలో అమ్మిన కౌలు రైతుల వివరాలు కార్యకర్తలే ఇంటికి వెళ్లి రాసుకోవాలి. ఆక్వా మండలాల్లో కౌంట్ వారీగా ఆగస్టు ముందు ధర, ఇప్పటి ధర రెండూ కావాలి. నవంబరు పదో తేదీలోగా జిల్లా కార్యాలయాలకు చేరితే శీతాకాల సమావేశాలకు ముందే రెండు రాష్ట్రాల ఎంపీలందరికీ వాటిని అందజేస్తాం.